జాజికాయ మూడు చుట్లు

మొన్న కొత్తగా పోస్టింగు వచ్చిన ఒక ఆయుర్వేద డాక్టరమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, ఓపీల ఎక్కువ ఏం కేసులు వస్తయి?" అని అడిగింది. "పిల్లల కడుపు" అన్నాను. నవ్వింది. మోకాళ్ల నొప్పులో, పక్షవాతమో చెబుతాననుకున్నట్టుంది. నవ్వనీ. ఆరు నెలలు పోయాక తనే మళ్లీ ఫోన్ చేస్తుంది.

నేను జమ్మికుంటలో పుట్టి పెరిగాను. బోథ్‌లో ఉద్యోగం మొదలుపెట్టి, మంచిర్యాలలో కొన్నాళ్లు, ఆ తర్వాత బొగ్గు గనుల వైపు కొన్నాళ్లు ప్రభుత్వ ఆయుర్వేద డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. బదిలీలూ ఇంక్రిమెంట్లూ చెబితే వినేవాళ్లు లేరు, మా ఇంట్లోనే వినరు. కాబట్టి వదిలేస్తున్నాను. పిల్లవాడికి విరేచనాలు పట్టినా, బిగపట్టినా, పాలు కక్కినా, కడుపు ఉబ్బినా మన ఇళ్లలో ముందు చెయ్యి పోయేది పోపుల డబ్బా మీదికి. వాము, సోంపు, ఇంగువ, కరక్కాయ, వస, జాజికాయ. ఇప్పుడు దానికి తోడు ఫోన్ కూడా వచ్చింది. ఇవన్నీ మంచివా చెడ్డవా అని అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఎవరికి, ఎంత, ఎన్ని రోజులు? ఇది తెలియకుండా పెట్టింది తేనె అయినా సరే, నేను మందు అనను.

అంత గట్టిగా మాట్లాడుతున్న నేనే ఒకసారి "ఎంత" అన్న దగ్గర బోర్లా పడ్డాను. పద్నాలుగు నెలల పసిదాని ప్రాణం మీదికి వచ్చింది. ఆ సంగతి రాయాలనే కూర్చున్నాను. కానీ అంత ధైర్యంగా తప్పు చెయ్యడం ఒక్కరోజులో రాదు, దానికీ గురువులుంటారు. ముందు నా గురువు సంగతి.

పెద్దసారు

బోథ్ డిస్పెన్సరీలో నా పైఅధికారిని అందరూ పెద్దసారు అనేవాళ్లు. నేను చేరిన వారంలోనే ఒక రైతు ఇల్లాలు మూడేళ్ల పిల్లవాణ్ణి చంకనేసుకొని వచ్చింది. పొట్ట తబలాలా ఉంది, కాళ్లూ చేతులూ పుల్లలు. నేను శ్లోకం గుర్తు తెచ్చుకొని, చూర్ణం ఒకటి, తాగడానికి అరిష్టమనే కషాయం ఒకటి చకచకా రాసేశాను. పెద్దసారు చీటీ తీసుకొని చూశాడు. ఆమె వైపు తిరిగాడు.

"బాయీ, పొద్దుగాల పోరనికి ఏం పెట్టినవ్?"

"చాయల బిస్కెట్ సారూ."

"పగటీలి?"

"చాయ."

"మాపటీలి?"

"గా బిస్కెట్లే సారూ. బువ్వ తింటలేడు."

పెద్దసారు నా చీటీ మీద అడ్డంగా గీత కొట్టాడు. "డాక్టరమ్మా, వీనికి రోగం లేదు, ఆకలున్నది. చాయ బంద్ చెయ్. జొన్నంబలి, పెసరుపప్పు, తోటకూర రాయి. మందు రాయకపోవుడు గూడ వైద్యమే" అన్నాడు. నాకు చెవులు వేడెక్కాయి. నెల తిరిగేసరికి ఆ పిల్లవాడు డిస్పెన్సరీ వాకిట్లో మేక వెంట పరిగెత్తుతున్నాడు. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ఏం తిన్నాడని అడగకుండా ఒక్క పిల్లవాడికీ మందు రాయలేదు. దీనికి పెద్దసారుకు చేతులెత్తి మొక్కుతాను.

కానీ ఆయనలో ఒక మొండితనం ఉండేది. ఎంత పెద్ద రోగమైనా అల్లోపతి దవాఖానకు పంపడమంటే ఓడిపోయినట్టే ఆయనకు. "మన శాస్త్రంల లేనిది లేదు. మనమే సరిగ చదువలే" అనేవాడు. కొందరు రోగులు ఆయన పంతానికి నలిగిపోయారు, నేను కళ్లారా చూశాను. అప్పట్లో నోరెత్తే ధైర్యం లేదు. విచిత్రమేమిటంటే, ఆయన దగ్గర మంచి నేర్చుకోవడానికి ఏళ్లు పట్టింది, ఈ పంతం మాత్రం చెప్పకుండానే అబ్బింది. మీ పైఅధికారి దగ్గర ఏది తీసుకుంటున్నారో అప్పుడప్పుడు తడిమి చూసుకోండి.

డబ్బాలు, పాలసీసా

మంచిర్యాలలో ఉన్నప్పుడు ఒక బట్టల దుకాణం ఆయన, తన భార్యనూ నాలుగేళ్ల కొడుకునూ వెంటబెట్టుకొని వచ్చాడు. వస్తూనే సంచీలోంచి మూడు డబ్బాలు తీసి నా బల్ల మీద వరసగా పెట్టాడు. ఒకటి పీచు పొడి, ఒకటి త్రిఫల మాత్రలు, ఒకటి పిల్లల పేగుల బలానికట, ఏదో సిరప్.

"సలాం డాక్టరమ్మా. పోరనికి నాలుగు దినాలకోపారి గూడ సాఫ్‌గ అయితలేదు. కూసుంటే ఏడుస్తడు. ఇంట్ల అందరం పరేషాన్. ఫోన్ల చూసి గివన్నీ తెప్పించిన. మస్తు మంది మంచిగున్నయని రాసిండ్రు."

"పోరడు ఏం తింటడు?" అని అడిగాను. ఆయన భార్య వైపు చూశాడు. అన్ని డబ్బాల పేర్లూ నోటికి వచ్చిన మనిషికి కొడుకు ఏం తింటాడో తెలియదు.

"ఏం తింటడు మేడం! పాలే. లేచినంక రెండు సీసాలు, పగటీలి ఒకటి, పండేటప్పుడు ఇంకోటి. అన్నం చూస్తె మొఖం తిప్పుకుంటడు" అందామె.

"మరి నీళ్లు?"

"పాలల్ల నీళ్లే ఉంటయి గదా అంటరు గీయన."

నాకు నవ్వాగలేదు. ఆయనా నవ్వాడు, పాపం. కడుపు నిండా పాలు, పైన పీచు పొడి, నీళ్లు లేవు. పీచుకు నీళ్లు తోడు లేకపోతే లోపల గట్టిపడుతుంది. ఆయన ఎంత శ్రద్ధగా పెడితే పిల్లవాడికి అంత బిగుస్తోంది. మూడు డబ్బాలూ పక్కన పెట్టించాను. సీసా మానిపించి గ్లాసు పట్టించమన్నాను, పాలు రోజుకు రెండు చిన్న గ్లాసులకు తగ్గించమన్నాను. మొక్కజొన్న రవ్వతో వండే మక్కగటుకలో మజ్జిగ, పాలకూర పప్పు, జామపండు, రాత్రి నానబెట్టిన కిస్మిస్. అన్నం తిన్నాక కాసేపు కూర్చోబెట్టమనీ, కాకపోయినా తిట్టొద్దనీ చెప్పాను. మూడు వారాలకు ఆమె ఒక్కతే వచ్చింది, మొహం కళకళలాడుతోంది.

"మంచిగైంది మేడం. పాలు తక్వ చేద్దామని నేను ఎన్నడో చెప్పిన. నా మాట ఎవ్వలింటరు? డబ్బా మీద రాసుంటెనే ఇంటరు."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. ఆ చెట్టునే ఎండబెట్టి, దంచి, డబ్బాలో పోసి, మీద చీటీ అంటిస్తే మాత్రం పనికొస్తుంది. తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు, పిల్లవాడు ఏడుస్తుంటే ఎవరికైనా ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది. ఆ తొందర మీద వ్యాపారం చేసేవాళ్ల మీదే నా కోపమంతా. డబ్బా మీద ఆకుబొమ్మ ఉంటే లోపలిది పసిపిల్లలకు ఏమీ చెయ్యదనుకోవడం ఉత్త మాట. పని చేసే ప్రతి ఆకూ ఎక్కువైతే చెడుపు కూడా చేస్తుంది.

మిన్ను

ఇక అసలు సంగతి. గనుల వైపు నేను పనిచేసినప్పుడు మా ఆయుర్వేద గది, పిల్లల వార్డు ఒకే దవాఖానలో ఎదురెదురుగా ఉండేవి. ఒకరోజు పొద్దున రజిత అనే అమ్మాయి పద్నాలుగు నెలల కూతుర్ని ఎత్తుకొని వచ్చింది. పాపను మిన్ను అంటారు. వెంట అత్త మల్లవ్వ. రజిత భర్త రాజేశం గనిలో పని చేస్తాడు. అన్నదమ్ములు వేరుపడి, వీళ్లు కొత్తగా కంపెనీ క్వార్టర్లోకి వచ్చి నెల రోజులైంది.

"నిన్నటి సంది పెట్టింది పెట్టినట్టె పోతుంది మేడం. ఆరుసార్లయినయ్" అంది రజిత.

పాపను చూశాను. నాలుక తడిగా ఉంది. నా స్టెతస్కోపు పట్టుకొని గుంజుతోంది, విడిపిస్తే కన్నీళ్లు కారేలా ఏడ్చింది. భయపడాల్సింది ఏమీ లేదు. ఉప్పు చక్కెర కలిసిన ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇచ్చి, ఎలా కలపాలో చెప్పాను. తల్లిపాలు ఆపొద్దన్నాను. పెసరుపప్పు వేసి మెత్తగా వండిన జావ పెట్టమన్నాను. అక్కడితో ఆగి ఉంటే నేనివాళ ఇది రాయాల్సిన పని లేదు.

మల్లవ్వ అడిగింది. "డాక్టరమ్మా, జాజికాయ అరగదీసి పోరికి నాకించమంటవా? మా పోరగాండ్లందరికి గదే పెట్టిన."

నాకు ముచ్చటేసింది. ఎదురుగా అల్లోపతి వార్డు, ఇక్కడ ఒక ముసలామె మన మందు అడుగుతోంది! "పెట్టుండ్రి అవ్వా. మూడు చుట్లు. పొద్దుగాల ఒకపారి, మాపటీలి ఒకపారి. తల్లిపాలల్ల" అన్నాను, ఎంతో తెలిసినదానిలా.

చుట్టంటే ఏమిటో తెలియని వాళ్లకు చెబుతాను. మా వైపు పసిపిల్లల మందులకు తూకం ఉండదు. సానరాయి మీద నాలుగు చుక్కల తల్లిపాలు వేసి, కాయనో కొమ్మునో దాని మీద గుండ్రంగా తిప్పి, వచ్చిన గంధాన్ని వేలితో నాకిస్తారు. ఒకసారి గుండ్రంగా తిప్పితే ఒక చుట్టు. వస ఒక చుట్టు, కరక్కాయ రెండు చుట్లు, ఇలా ప్రతి ఇంట్లో ఒక వరస ఉంటుంది. కాలేజీలో మేము త్రాసులో తూచి నేర్చుకున్నాం. ఊళ్లకొచ్చాక నేనూ చుట్లలోకి దిగాను, తల్లులకు అర్థమవుతుందని.

మర్నాడు మధ్యాహ్నం వాళ్లు మళ్లీ వచ్చారు. మల్లవ్వ ముందు నడుస్తోంది, మొహమంతా సంబరం. "బందైనయ్ డాక్టరమ్మా! నిన్న పగటీలి సంది ఒక్కపారి గూడ పోలే. కంటి నిండ నిద్రపోతుంది."

వెనకాల రజిత గుమ్మంలోనే ఆగిపోయింది. "లేపితె లేస్తలేదు మేడం" అంది.

పాపను చేతిలోకి తీసుకున్నాను. వేలాడిపోయింది. కళ్లు లోపలికి పోయాయి, నాలుక ఎండింది. పొట్ట ఉబ్బి ఉంది. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలబడింది.

"ఒంటికి ఎప్పుడు పోసింది?"

"నిన్న పొద్దూకంగ. మళ్ల తడువలే."

"నీళ్లు? పాలు?"

"నిద్రపోతుందని లేపలే మేడం. అత్త లేపద్దన్నది."

అంతే, పాపతో ఎదురు వార్డులోకి పరిగెత్తాను. నా వయసుకు అది పరుగని ఎవరూ అనరు, కానీ నేను పరిగెత్తాను. జాజికాయ మత్తు ఇస్తుంది, పేగును బిగిస్తుంది. బయటికి పోవడం ఆగిందని ఇంటిల్లిపాదీ సంతోషపడ్డారు, లోపల పేగులోకి నీరు దిగిపోతూనే ఉంది. పాపకు దాహమని ఏడ్చే ఓపిక కూడా లేకుండా మత్తు కమ్మేసింది.

పిల్లల డాక్టరు కుర్రవాడు, చురుకైనవాడు. క్షణాల్లో నరం దొరకబుచ్చుకొని సెలైన్ ఎక్కించాడు. చేతులు పని చేస్తూనే ఉన్నాయి, నోరు రజిత మీద విరుచుకుపడింది. "ఏం పెట్టిండ్రు పిల్లకు? జాజికాయనా? ఎవలు పెట్టుమన్నరు గీ నాటుమందులు? సంపుదామనుకున్నరా పిల్లను?"

రజిత ఒక్కసారి నా వైపు చూసింది. మల్లవ్వ నోరు తెరవబోతే ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నేనే పెట్టిన సార్" అంది.

నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు.

ఆయుర్వేదం పరువు పోతుందని ఆగానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. పోయేది నా పరువు. దాన్ని తీసుకెళ్లి శాస్త్రం వెనక దాచిపెట్టాను. మూడు చుట్లు చెప్పడం తెలియక చేసిన తప్పు. నోరు మూసుకోవడం మాత్రం తెలిసి చేసింది.

రాయి

పొద్దటి షిఫ్టు దిగి రాజేశం అట్నుంచి అటే వచ్చాడు. వరండాలో పంచాయితీ మొదలైంది. "ఎన్ని చుట్లు తిప్పినవే?" అని పెళ్లాన్ని నిలదీశాడు.

"మూడే. మిన్ను మీద ఒట్టు, మూడే తిప్పిన" అని రజిత ఏడుస్తోంది.

"మూడు తిప్పితె గిట్లయితదా?" అంది మల్లవ్వ. "నేను నలుగురిని సాదిన. ఎవ్వనికన్న గిట్లయిందా? సోయి యాడనో పెట్టుకోని తిప్పినవ్."

నాకు ఏదో తట్టింది. "రాజేశం, ఇంటికి పోయి గా రాయి, గా జాజికాయ తీస్కరా" అన్నాను. బండి మీద వెళ్లి తువ్వాలులో చుట్టి తెచ్చాడు. రాయి మీద చెయ్యి పెట్టి చూశాను. కొత్త రాయి, వేళ్లకు గరగరలాడుతోంది.

"అవ్వా, మీ పిల్లలకు అరగదీసింది గీ రాయి మీదనేనా?"

"గిది గాదు. అది మా అత్త నాటిది. అద్దం లెక్కుంటది. పెద్దోనింట్ల ఉండిపోయింది. గిది మొన్న అంగట్ల కొన్నం."

నాలుగు చుక్కల నీళ్లు వేసి మూడంటే మూడు చుట్లు తిప్పాను. నున్నటి రాయి మీదైతే నీళ్లకు కాస్త రంగు దిగి ఊరుకుంటుంది. దీని మీద పచ్చడిలా చిక్కగా వచ్చింది. రెండుసార్లు అరగదీసిన కాయ ఒక పక్క చదునుగా అరిగిపోయి ఉంది. రజిత నిజంగానే మూడు చుట్లే తిప్పింది. ఎన్ని చుట్లో చెప్పిన నేను, ఏ రాయి అని అడగలేదు.

ఆ తర్వాత నా పనిలో ఏం మార్చుకున్నానో ఇక్కడే చెప్పేస్తాను, చివర్లో చెబితే ఉపన్యాసం అవుతుంది. చుట్ల లెక్క మానేశాను. పసిపిల్లలకు జాజికాయ పూర్తిగా మానిపించాను, ఎన్ని తరాల అలవాటైనా సరే. మందు అవసరమైతే నేనే తూచి పొట్లాలు కట్టి ఇచ్చాను, అవసరం లేకపోతే లేదని చెప్పి పంపాను. విరేచనాల పిల్ల నిద్రపోతే లేపి తాగించాలని తల్లికి చెప్పి, ఆమెతో తిరిగి చెప్పించుకునేదాన్ని. లంఖణం పరమౌషధమని పెద్దలన్న మాట పెద్దల కడుపుకే, పిల్లల కడుపుకు కాదు. పిల్ల లేవకపోయినా, ఒంటికి పొయ్యకపోయినా, దొడ్డికి రక్తం పడినా, పచ్చగా కక్కినా క్షణం ఆగొద్దు, మన గది దాటించి పంపేయండి. అందులో ఓటమేమీ లేదు. ఇది పెద్దసారుకు ఎదురు చెప్పడమే, చెబుతున్నాను.

ఆ సాయంత్రానికి మిన్ను కదిలింది. పొద్దువాలుతుండగా ఏడ్చింది, ఏడుపుతో పాటు కన్నీళ్లు వచ్చాయి. కన్నీళ్లు చూసి నేను అంత సంతోషపడింది జీవితంలో అదొక్కసారే.

మర్నాడు డాక్టరు రౌండ్సుకు రాకముందే వార్డుకు వెళ్లాను. మల్లవ్వ బయట కొడుకుతో ఉంది, కోడలితో మాట్లాడటం లేదు. రజిత పాపకు చెంచాతో నీళ్లు పడుతోంది.

"నా పేరెందుకు చెప్పలే బిడ్డా?" అని అడిగాను.

ఆమె చెంచా ఆపలేదు. "చెప్తె మీ గదిల మందులియ్యనియ్యరేమో అనుకున్న మేడం. గా సార్లకాడ ఇంట్ల ఏం పెట్టినమో చెప్పాల్నంటె భయమైతది, కొట్టినట్టె మాట్లాడుతరు. మీకాడ అన్నీ చెప్పుకుంటం. గది గూడ లేకపోతె మాలాంటోళ్లు యాడికి పోవాలె?"

 నిన్న నేను కాపాడుకున్నది నా పరువు. ఈ పిల్ల ఇరవై మూడేళ్లకే, మొగుడూ అత్తా దులిపేస్తుంటే తల వంచుకొని, తనలాంటి తల్లులకు ఉన్న ఒక్క చోటును కాపాడింది.

డాక్టరు వచ్చాడు. రాజేశాన్నీ మల్లవ్వనూ కూడా లోపలికి పిలిచాను. "డాక్టర్ గారూ, జాజికాయ పెట్టుమన్నది రజిత కాదు, నేను. మూడు చుట్లన్న. రాయి చూడలే. ఆమె నేను చెప్పినట్టే చేసింది. నిన్న మీరు అడిగినప్పుడే చెప్పాల్సింది, చెప్పలే. కేసు షీట్‌లో నా పేరు రాయండి" అన్నాను.

ఆయన కేసు షీట్ తీసి కలం పట్టుకున్నాడు. "మూడు చుట్లంటే ఎన్ని గ్రాములు మేడం?" అన్నాడు నెమ్మదిగా. ఎగతాళి కాదు, నిజంగానే రాసుకోవడానికి అడిగాడు.

"తెల్వదు" అన్నాను.

 మల్లవ్వ కోడలి వైపు తిరిగింది. "నిన్నటి సంది ఏమన్న తిన్నవా?" అని అడిగింది. రజిత లేదన్నట్టు తలూపింది. మల్లవ్వ వంగి, పాపను తన ఒళ్లోకి తీసుకొని, కోడల్ని తినిరమ్మని కొడుకు వెంట పంపింది. తర్వాత నా వైపు చూసింది.

"గంత సదువు సదివి, నువ్వు గూడ మా లెక్కనే అందాజ మీద చెప్పినవా డాక్టరమ్మా?"

"అవునవ్వా" అన్నాను.